ల్యాప్‌టాప్ బెంచ్‌మార్క్ స్కోరు: డ్రైవర్ ఎంత పెంచుతుంది, వేడి ఎంత తగ్గిస్తుంది?

గేమింగ్ కోసమో, వీడియో ఎడిటింగ్ కోసమో ల్యాప్‌టాప్ కొనేవారు మొదట చూసేది గ్రాఫిక్స్ చిప్ పేరు. తర్వాత చూసేది బెంచ్‌మార్క్ స్కోరు. ఈ రెండింటికీ పొంతన ఉండాలన్న నియమం లేదు. ‘ఆర్‌టీఎక్స్ 4060’ అని రాసి ఉన్న రెండు ల్యాప్‌టాప్‌లలో ఒకటి వేగంగా, మరొకటి నెమ్మదిగా పనిచేయవచ్చు. ఒకే ల్యాప్‌టాప్ ఏసీ గదిలో ఒక స్కోరు, మే నెల మధ్యాహ్నం ఫ్యాన్ కింద మరో స్కోరు ఇవ్వవచ్చు. డ్రైవర్ మారిస్తే మూడో స్కోరు రావచ్చు.

ఈ తేడాలు ఎక్కడి నుంచి వస్తాయి? వాటిలో వినియోగదారు చేతిలో ఉన్నవెన్ని? స్కోరు పెరిగినంత మాత్రాన యంత్రం నిజంగా వేగంగా మారినట్టేనా? లక్ష రూపాయలకు అటూఇటూగా పెట్టి కొన్న వస్తువు విషయంలో ఇవి చిన్న ప్రశ్నలు కావు.

బెంచ్‌మార్క్ ఏం కొలుస్తుంది?

బెంచ్‌మార్క్ అంటే ప్రతి కంప్యూటర్‌కూ ఒకే పని అప్పగించి, ఎంత వేగంగా పూర్తి చేసిందో చెప్పే ప్రోగ్రామ్. గ్రాఫిక్స్‌కు 3డీమార్క్, ప్రాసెసర్‌కు సినీబెంచ్ ఎక్కువ మందికి తెలిసినవి. 3డీమార్క్‌లోని ‘టైమ్ స్పై’ పరీక్ష 2016లో వచ్చింది. డైరెక్ట్‌ఎక్స్ 12 ఆటల పనిభారాన్ని ఇది అనుకరిస్తుంది.

టైమ్ స్పై చివరిలో చూపే మొత్తం స్కోరులో గ్రాఫిక్స్‌కు 85 శాతం, ప్రాసెసర్‌కు 15 శాతం వెయిటేజీ ఉంటుంది. అందుకే రెండు ల్యాప్‌టాప్‌లను పోల్చేటప్పుడు మొత్తం స్కోరుతో పాటు గ్రాఫిక్స్ స్కోరును విడిగా చూడాలి. ప్రాసెసర్ బలంగా ఉన్న యంత్రం మొత్తం స్కోరులో ముందున్నా, ఆటల్లో వెనకబడవచ్చు.

ఇంకో విషయం. ఒకే యంత్రంపై ఒకే పరీక్షను వరుసగా నడిపినా స్కోరు అచ్చంగా ఒకటే రాదు. 3 శాతం లోపు తేడాను మామూలుగానే పరిగణిస్తారు. కాబట్టి ఏదో సెట్టింగ్ మార్చాక స్కోరు 1 శాతం పెరిగితే అది ఆ మార్పు ఘనత అని చెప్పలేం.

ఒకే పేరు, వేర్వేరు వాట్లు

ల్యాప్‌టాప్‌లలో అసలు చిక్కు విద్యుత్ దగ్గర ఉంది. గ్రాఫిక్స్ చిప్‌కు ఎన్ని వాట్లు ఇవ్వాలన్నది చిప్ కంపెనీ ఒక పరిధిగా చెబుతుంది. అందులో ఎంత ఇవ్వాలో ల్యాప్‌టాప్ తయారీదారు నిర్ణయిస్తాడు. ఆర్‌టీఎక్స్ 4060 ల్యాప్‌టాప్ చిప్‌కు ఈ పరిధి 35 నుంచి 115 వాట్లు. పలుచటి, తేలికైన మోడల్‌కు ఒక అంకె, దళసరి గేమింగ్ మోడల్‌కు మరో అంకె. పెట్టె మీద పేరు మాత్రం ఒకటే.

డెస్క్‌టాప్ చిప్‌తో పేరు కలిసినా ఇదే పరిస్థితి. డెస్క్‌టాప్ ఆర్‌టీఎక్స్ 3080లో 8,704 క్యూడా కోర్లు ఉంటాయి, అది 320 వాట్లు తీసుకుంటుంది. ల్యాప్‌టాప్ ఆర్‌టీఎక్స్ 3080లో కోర్లు 6,144. విద్యుత్ 80 నుంచి 150 వాట్లు. రెండిట్లో వాడిన సిలికాన్ కూడా వేరు. ఈ గందరగోళంపై విమర్శలు రావడంతో, ప్రతి మోడల్‌లో చిప్‌కు ఎన్ని వాట్లు ఇస్తున్నారో, గడియార వేగం ఎంతో వెల్లడించాలని 2021లో ఎన్విడియా ల్యాప్‌టాప్ తయారీదారులకు చెప్పింది. అయినా షాపుల్లో తగిలించే చీటీల్లో, ఆన్‌లైన్ అమ్మకాల పేజీల్లో ఈ అంకె చాలాసార్లు కనిపించదు. తయారీదారు వెబ్‌సైట్‌లో పూర్తి వివరాల పట్టికలో వెతకాల్సి వస్తుంది.

కొన్న తర్వాత ఏ ట్యూనింగూ ఈ పరిమితిని దాటించలేదు. 60 వాట్ల చిప్‌ను ఎంత సవరించినా 115 వాట్ల చిప్‌లా మారదు. ట్యూనింగ్‌తో సాధించగలిగేది, ఆ ల్యాప్‌టాప్‌కు ఉన్న సామర్థ్యాన్ని పూర్తిగా బయటికి తీయడమే.

మొదటి పని: ఉన్నది ఉన్నట్టు కొలవడం

ఏదీ మార్చకముందు ఒక ప్రాథమిక స్కోరు ఉండాలి. అది లేకపోతే తర్వాత వచ్చిన అంకె లాభమో నష్టమో చెప్పే ఆధారం ఉండదు. కొలిచేటప్పుడు పాటించాల్సినవి ఇవి:

చార్జర్ తప్పనిసరిగా ప్లగ్‌లో ఉండాలి. బ్యాటరీ మీద గ్రాఫిక్స్ చిప్‌కు అందే విద్యుత్ బాగా పడిపోతుంది. ల్యాప్‌టాప్‌తో వచ్చిన అసలు చార్జరే వాడాలి. 200 వాట్లకు పైగా చార్జర్‌తో వచ్చిన ల్యాప్‌టాప్‌ను 100 వాట్ల టైప్‌-సీ చార్జర్‌తో నడిపితే చార్జింగ్ అవుతున్నట్టు కనిపించినా వేగం తగ్గుతుంది.

తయారీదారు ఇచ్చిన సాఫ్ట్‌వేర్‌లో ‘పెర్ఫార్మెన్స్’ లేదా ‘టర్బో’ మోడ్ ఎంచుకోవాలి. చాలా ల్యాప్‌టాప్‌లలో చిప్‌కు పూర్తి వాట్లు అందేది ఈ మోడ్‌లోనే. విండోస్ పవర్ సెట్టింగ్ ఒక్కటే మారిస్తే సరిపోదు.

పరీక్షను కనీసం మూడుసార్లు నడిపి, మధ్య స్కోరును రాసుకోవాలి. మొదటిసారి షేడర్ ఫైళ్లు తయారవుతుంటాయి కాబట్టి ఆ ఫలితాన్ని లెక్కలోకి తీసుకోకపోవడం మంచిది. గది ఉష్ణోగ్రత, డ్రైవర్ వెర్షన్, మోడ్ కూడా పక్కనే రాసుకోవాలి. ఆ తర్వాత ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. ఒకేసారి ఐదు మార్చి స్కోరు పెరిగితే ఏది పనిచేసిందో, ఏది చెడగొట్టిందో తేలదు.

పరీక్ష నడుస్తున్నప్పుడు హెచ్‌డబ్ల్యూఇన్ఫో లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో చిప్ ఉష్ణోగ్రత, వాట్లు, గడియార వేగం నమోదు చేస్తే అసలు అడ్డంకి ఎక్కడుందో బయటపడుతుంది. వాట్లు పరిమితిని తాకుతుంటే సమస్య విద్యుత్‌ది. వాట్లు తగ్గుతూ ఉష్ణోగ్రత పైకి చేరి నిలబడితే సమస్య వేడిది. రెండూ తక్కువగా ఉండి స్కోరు కూడా తక్కువగా ఉంటే డ్రైవర్, ర్యామ్, ప్రాసెసర్ వైపు చూడాలి.

డ్రైవర్ ఏం చేస్తుంది?

ఆట గానీ, బెంచ్‌మార్క్ గానీ గ్రాఫిక్స్ చిప్‌తో నేరుగా మాట్లాడదు. డైరెక్ట్‌ఎక్స్, వల్కన్ వంటి ప్రామాణిక భాషలో ఆదేశాలిస్తుంది. వాటిని ఆ చిప్‌కు అర్థమయ్యే సూచనలుగా మార్చేది డ్రైవర్. తెరమీద వెలుగు, నీడ, రంగులను లెక్కగట్టే షేడర్ ప్రోగ్రామ్‌లను కంపైల్ చేసేదీ అదే. ఈ అనువాదం ఎంత బాగుంటే అదే చిప్ అంత ఎక్కువ పని చేస్తుంది.

ఇంటెల్ ఆర్క్ కార్డులు దీనికి మంచి ఉదాహరణ. 2022లో వచ్చినప్పుడు డైరెక్ట్‌ఎక్స్ 9 మీద నడిచే పాత ఆటల్లో అవి తడబడ్డాయి. ఆ తర్వాత వచ్చిన డ్రైవర్లతో ఈ ఆటల్లో సగటున 43 శాతం మెరుగుదల వచ్చిందని 2023 ఆరంభంలో ఇంటెల్ ప్రకటించింది. కార్డు అదే, సిలికాన్ అదే. మారింది డ్రైవర్ మాత్రమే.

అలాగని కొత్త డ్రైవర్ ప్రతిసారీ మేలు చేస్తుందని కాదు. ఎన్విడియా, ఏఎండీ చిప్‌ల డ్రైవర్లు చాలాకాలంగా పరిణతి చెందినవి. పాత ఆటలపై, పాత బెంచ్‌మార్క్‌లపై కొత్త వెర్షన్ తేడా తరచుగా 1, 2 శాతం దాటదు. కొత్తగా విడుదలైన ఆటకు మాత్రం ఆ సమయంలో వచ్చిన డ్రైవర్ అవసరం. ఒక్కోసారి కొత్త వెర్షన్ కీడు కూడా చేస్తుంది. 2010 మార్చిలో ఎన్విడియా విడుదల చేసిన 196.75 డ్రైవర్ వల్ల కొన్ని కార్డుల్లో ఫ్యాన్ వేగం అదుపు తప్పి చిప్‌లు వేడెక్కాయి. కంపెనీ ఆ వెర్షన్‌ను వెనక్కి తీసుకుంది. 2024 డిసెంబరులో ఎన్విడియా యాప్‌లోని గేమ్ ఫిల్టర్ల సదుపాయం వల్ల కొన్ని ఆటల్లో వేగం 15 శాతం వరకు తగ్గుతున్నట్టు పరీక్షల్లో తేలింది. దాన్ని ఆపివేయాలని కంపెనీయే సూచించింది.

డ్రైవర్ మార్చే పద్ధతి

ల్యాప్‌టాప్‌కు డ్రైవర్ రెండు చోట్ల దొరుకుతుంది: ల్యాప్‌టాప్ తయారీదారు వెబ్‌సైట్‌లో, చిప్ కంపెనీ వెబ్‌సైట్‌లో. మొదటిది పాతదైనా ఆ మోడల్‌కు పరీక్షించినది. రెండోది కొత్తది. వేగం కావాలంటే సాధారణంగా రెండోదే ఎంచుకుంటారు. స్లీప్ నుంచి లేవకపోవడం, తెర వెలుతురు మీటలు పనిచేయకపోవడం వంటి ఇబ్బందులు వస్తే మొదటిదానికి తిరిగి వెళ్లాలి.

మామూలు అప్‌డేట్‌కు ఇన్‌స్టాలర్‌లోని ‘క్లీన్ ఇన్‌స్టాలేషన్’ ఎంపిక చాలు. పాత డ్రైవర్ అవశేషాలతో చిక్కులు వస్తున్నప్పుడు డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో పూర్తిగా తొలగించవచ్చు. ఆ పని విండోస్ సేఫ్ మోడ్‌లో చేయాలి. ఇంటర్నెట్ ఆపి ఉంచాలి. లేకపోతే మధ్యలో విండోస్ తనకు నచ్చిన డ్రైవర్‌ను దానంతట అదే వేసేస్తుంది. బిట్‌లాకర్ ఉన్న ల్యాప్‌టాప్‌లో సేఫ్ మోడ్‌కు వెళ్లేముందు రికవరీ కీ దగ్గర ఉంచుకోవడం తప్పనిసరి.

డ్రైవర్ కంట్రోల్ ప్యానెల్‌లో స్కోరును నిజంగా ప్రభావితం చేసే సెట్టింగులు కొన్నే. వీ-సింక్, ఫ్రేమ్ రేటు పరిమితి ఆన్‌లో ఉంటే స్కోరు ఒకచోట ఆగిపోతుంది. పరీక్ష సమయంలో వాటిని ఆపాలి. టెక్స్చర్ ఫిల్టరింగ్‌ను ‘హై పెర్ఫార్మెన్స్’కు మారిస్తే స్కోరు కాస్త పెరగవచ్చు, కానీ బొమ్మ నాణ్యత తగ్గుతుంది. అలా పెరిగినదాన్ని వేగం అనడం సరికాదు. తక్కువ పని చేయించి ఎక్కువ మార్కులు వేసినట్టే.

తెరకు దారి, ర్యామ్‌కు జత

రెండు గ్రాఫిక్స్ చిప్‌లున్న ల్యాప్‌టాప్‌లలో పెద్ద చిప్ తయారుచేసిన ప్రతి ఫ్రేమ్ ప్రాసెసర్‌లోని చిన్న చిప్ గుండా తెరకు చేరుతుంది. 2010లో ఎన్విడియా ఆప్టిమస్ పేరుతో తెచ్చిన ఈ పద్ధతి బ్యాటరీని ఆదా చేస్తుంది. కానీ ఫ్రేములు ఎక్కువగా వచ్చే ఆటల్లో ఈ చుట్టుదారి వేగాన్ని తగ్గిస్తుంది. మక్స్ స్విచ్ ఉన్న మోడళ్లలో పెద్ద చిప్‌ను నేరుగా తెరకు కలిపే వీలుంది. అది లేనివారు, పెద్ద చిప్‌కు నేరుగా కలిసిన పోర్టు ఉంటే, దానికి బయటి మానిటర్ తగిలించి కొంతవరకు అదే ఫలితం పొందవచ్చు.

ర్యామ్ సంగతి ఇంకా సులభం. ధర తగ్గించడానికి చాలా మోడళ్లను ఒకే ర్యామ్ స్టిక్‌తో అమ్ముతారు. ఖాళీ స్లాటులో రెండోది వేస్తే మెమరీకి దారి రెట్టింపవుతుంది. విడి గ్రాఫిక్స్ చిప్ లేని ల్యాప్‌టాప్‌లకు ఈ మార్పు చాలా ముఖ్యం. వాటి గ్రాఫిక్స్ భాగం వాడుకునేది ఈ ర్యామ్‌నే కాబట్టి, ఏ డ్రైవరూ ఇవ్వలేనంత మెరుగుదల ఈ ఒక్క స్టిక్‌తో వస్తుంది. ర్యామ్ బోర్డుకే అతికించి ఉన్న మోడళ్లలో ఈ అవకాశం ఉండదు. కొనేముందే చూసుకోవాలి.

వేడి: తెలుగు వేసవి లెక్క

ల్యాప్‌టాప్ ఫ్యాన్ చేసేది గదిలోని గాలిని లోపలికి లాగి, చిప్‌ల వేడిని ఆ గాలితో బయటికి పంపడం. లోపలికి వచ్చే గాలే వేడిగా ఉంటే బయటికి పోయే వేడి తగ్గుతుంది. స్థూలంగా చెప్పాలంటే, ఒకే వాట్ల వద్ద, ఒకే ఫ్యాన్ వేగంతో నడిస్తే గది 15 డిగ్రీలు పెరిగినప్పుడు చిప్ కూడా దాదాపు అంతే పెరుగుతుంది. 25 డిగ్రీల గదిలో 78 డిగ్రీల వద్ద ఉన్న చిప్ 40 డిగ్రీల గదిలో 93కు చేరాలి. కానీ చాలా గ్రాఫిక్స్ చిప్‌లు 87 డిగ్రీల ప్రాంతంలోనే తమను తాము కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటాయి. దీన్నే థర్మల్ థ్రాట్లింగ్ అంటారు.

రామగుండంలోనో, విజయవాడలోనో మే నెలలో ఏసీ లేని గదిలో నడిచే ల్యాప్‌టాప్‌కు, విదేశీ రివ్యూల్లో కనిపించే స్కోరు రాకపోవడానికి ఇదొక ముఖ్య కారణం. ఆ రివ్యూలు చల్లని గదుల్లో చేసినవి. యంత్రంలో లోపం ఉందని సర్వీస్ సెంటర్‌కు పరుగెత్తే ముందు తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి పరీక్షించి చూస్తే సంగతి తెలుస్తుంది.

ఒక్కసారి నడిపే పరీక్షలో వేడి పూర్తిగా బయటపడదు. అందుకే 3డీమార్క్‌లో స్ట్రెస్ టెస్ట్ ఉంది. ఒకే దృశ్యాన్ని 20 సార్లు నడిపి, అతి తక్కువ ఫలితం అతి ఎక్కువ ఫలితంలో కనీసం 97 శాతం ఉంటేనే పాస్ అంటుంది. మొదటిసారి గొప్ప స్కోరు తెచ్చి, పదో సారికి చతికిలబడే ల్యాప్‌టాప్ ఇక్కడ దొరికిపోతుంది. ఆటలాడేవారికి, గంటల తరబడి వీడియో రెండర్ చేసేవారికి పనికొచ్చేది ఈ అంకే.

పరిష్కారాలు ఖరీదైనవి కావు. ల్యాప్‌టాప్‌ను పరుపు మీద, దుప్పటి మీద పెట్టకూడదు. కింద గాలి ఆడేలా వెనుక భాగాన్ని కాస్త ఎత్తి ఉంచాలి. ఫ్యాన్లలో, గాలి రంధ్రాల్లో పేరుకున్న దుమ్మును ఏడాదికోసారైనా తీయించాలి. రెండు మూడేళ్లు దాటిన యంత్రానికి థర్మల్ పేస్ట్ మార్చడం కూడా ఉపయోగపడుతుంది. వారంటీలో ఉంటే వెనుక మూత విప్పేముందు షరతులు చదవాలి.

వోల్టేజీ తగ్గిస్తే వేగం పెరుగుతుందా?

పెరుగుతుంది. చిప్ తీసుకునే విద్యుత్, గడియార వేగంతో పాటు వోల్టేజీ వర్గానికి అనులోమంగా ఉంటుంది. వేగం అలాగే ఉంచి వోల్టేజీని 10 శాతం తగ్గిస్తే, ఈ భాగంలో విద్యుత్ వినియోగం సుమారు 19 శాతం తగ్గుతుంది. ఆ మిగులుతో చిప్ అదే వాట్ల పరిమితిలో మరింత వేగంగా నడవగలదు. వేడి అడ్డంకిగా ఉన్న ల్యాప్‌టాప్‌లో ఓవర్‌క్లాకింగ్ కంటే అండర్‌వోల్టింగే ఎక్కువ మేలు చేయడానికి కారణం ఇదే.

గ్రాఫిక్స్ చిప్‌కు ఈ పని ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ లోని వోల్టేజీ-వేగం వక్రరేఖతో చేస్తారు. ఏ చిప్ ఎంత తట్టుకుంటుందో ముందే చెప్పలేం. ఒకే మోడల్‌కు చెందిన రెండు చిప్‌లు కూడా ఒకేలా ఉండవు. కొద్దికొద్దిగా తగ్గిస్తూ, ప్రతి మెట్టులో అరగంటైనా పరీక్షించాలి. తెర నల్లబడి తిరిగి వచ్చినా, డ్రైవర్ రీసెట్ అయినా ఒక మెట్టు వెనక్కి వేయాలి. ఈ సాఫ్ట్‌వేర్‌ను అధికారిక వెబ్‌సైట్ నుంచే దించుకోవాలి. దీని పేరుతో నకిలీ సైట్లు మాల్‌వేర్ పంచుతున్నాయని 2021లో ఎంఎస్ఐ స్వయంగా హెచ్చరించింది.

ప్రాసెసర్ విషయంలో దారి కొంత మూసుకుపోయింది. వోల్టేజీని మార్చే సదుపాయాన్ని వాడుకుని ఇంటెల్ ప్రాసెసర్లలోని రహస్య సమాచారాన్ని దొంగిలించవచ్చని 2019 డిసెంబరులో ‘ప్లండర్‌వోల్ట్’ పేరుతో పరిశోధకులు చూపించారు. ఆ తర్వాత చాలా ల్యాప్‌టాప్‌లలో బయోస్ అప్‌డేట్‌లతో ఈ సదుపాయానికి తాళం పడింది. ఆ తాళం తీయడానికి పాత బయోస్‌కు వెళ్లమనే సలహాలు కనిపిస్తుంటాయి. భద్రతా లోపాన్ని తిరిగి తెచ్చుకోవడమే అది. అలా చేయడం కన్నా ప్రాసెసర్ వాట్ల పరిమితిని తగ్గించడం మేలు. కొత్త ల్యాప్‌టాప్‌లలో ప్రాసెసర్ వాడని విద్యుత్‌ను గ్రాఫిక్స్ చిప్‌కు మళ్లించే ఏర్పాటు ఉంటుంది కాబట్టి, ఆటల్లో స్కోరు పెరిగే అవకాశం కూడా ఉంది.

స్కోరు కోసం భద్రతను వదులుకోవాలా?

విండోస్ 11లో ‘మెమరీ ఇంటెగ్రిటీ’ అనే రక్షణ ఉంటుంది. హానికర డ్రైవర్లు సిస్టమ్ లోపలి పొరల్లోకి చొరబడకుండా ఇది కాపలా కాస్తుంది. దీనివల్ల ఆటల వేగం కొంత తగ్గుతుంది. ఆడేటప్పుడు దీన్ని ఆపి, తర్వాత తిరిగి ఆన్ చేసుకోవచ్చని 2022లో మైక్రోసాఫ్ట్ కూడా చెప్పింది. అయితే ఆపితే యంత్రం దాడులకు లోనయ్యే ప్రమాదం ఉందని కూడా అదే సూచనలో పేర్కొంది.

మన ఇళ్లలో ఒకే ల్యాప్‌టాప్ మీద పిల్లల ఆటలు, తల్లిదండ్రుల బ్యాంకు లావాదేవీలు, ఆఫీసు పని అన్నీ సాగుతాయి. ఆన్ చేయడం మరచిపోతే నష్టం స్కోరులో కనిపించదు. కొన్ని శాతాల లాభానికి ఈ రక్షణ తీసేయడం అలాంటి యంత్రానికి తగదు. ‘ఒక్క క్లిక్‌తో వేగం రెట్టింపు’ అనే రిజిస్ట్రీ ఫైళ్లు, ఉచిత బూస్టర్ సాఫ్ట్‌వేర్‌ల జోలికి అసలే వెళ్లకూడదు.

కంపెనీలే దారి తప్పినప్పుడు

స్కోరు వ్యామోహం వినియోగదారులకే పరిమితం కాదు. 2001లో ఏటీఐ రేడియాన్ 8500 కార్డు క్వేక్ 3 ఆటలో మంచి వేగం చూపింది. ఆట ఫైలు పేరులో క్వేక్‌ను క్వాక్‌గా మార్చి పరీక్షిస్తే వేగం పడిపోయింది, బొమ్మ నాణ్యత పెరిగింది. డ్రైవర్ ఆట పేరును గుర్తుపట్టి నాణ్యత తగ్గిస్తోందని అలా బయటపడింది.

2003లో 3డీమార్క్ తయారీ సంస్థ ఫ్యూచర్‌మార్క్, ఎన్విడియా డ్రైవర్లు తమ పరీక్షను గుర్తుపట్టి పని ఎగ్గొడుతున్నాయని ఆరోపించింది. ఆ దారులు మూసేసిన ప్యాచ్‌తో జీఫోర్స్ ఎఫ్ఎక్స్ 5900 అల్ట్రా స్కోరు 24 శాతం తగ్గింది. ఏటీఐ కార్డు స్కోరు కూడా దాదాపు 2 శాతం తగ్గింది. కొద్ది రోజులకే రెండు సంస్థలు ఉమ్మడి ప్రకటన చేశాయి. ఎన్విడియా చేసినది మోసం కాదని, ఒక అప్లికేషన్‌కు ప్రత్యేకించిన సవరణ అని ఫ్యూచర్‌మార్క్ మాట మార్చింది. 2024లో స్పెక్ సంస్థ, ఒకే పరీక్షను దృష్టిలో పెట్టుకుని ఇంటెల్ కంపైలర్‌లో చేసిన సవరణ కారణంగా 2,600కు పైగా పాత ఫలితాలను చెల్లనివిగా గుర్తించింది.

ఈ ఉదంతాలన్నిటిలో గీత ఒకటే. ఒక మార్పు అన్ని ఆటలకూ, అన్ని పనులకూ మేలు చేస్తే అది మెరుగుదల. ఒక్క పరీక్షలోనే అంకె పెంచితే అది అలంకారం. ఇంట్లో ట్యూనింగ్ చేసేవారికీ ఇదే కొలమానం వర్తిస్తుంది.

ఏది ముందు, ఎక్కడ ఆగాలి?

చేయాల్సిన పనులకు ఒక వరుస ఉంది. అసలు చార్జర్, సరైన మోడ్, గాలి ఆడే చోటు ముందు. వీటికి ఖర్చు లేదు, ప్రమాదం లేదు. తర్వాత దుమ్ము తీయించడం, రెండో ర్యామ్ స్టిక్, మక్స్ స్విచ్. ఆ తర్వాత శుభ్రంగా వేసిన తాజా డ్రైవర్. ఓపిక ఉన్నవారికి చివరగా అండర్‌వోల్టింగ్. బయోస్ మార్చి రాయడం, భద్రతా రక్షణలు తీసేయడం ఈ వరుసలో లేవు.

ప్రతి దశ తర్వాత బెంచ్‌మార్క్‌తో పాటు రోజూ వాడే ఆటనో, ఎడిటింగ్ ప్రాజెక్టునో నడిపి చూడాలి. అక్కడ తేడా కనిపించకపోతే స్కోరు పెరిగినా లాభం లేదు. ఇవన్నీ చేశాక కూడా అదే మోడల్, అవే వాట్లున్న ఇతర ల్యాప్‌టాప్‌ల కన్నా చల్లని గదిలో స్కోరు బాగా తక్కువగా వస్తే, అప్పుడు అనుమానించాల్సింది యంత్రాన్నే. రాసిపెట్టుకున్న ఉష్ణోగ్రతలు, వాట్లు, స్కోర్ల పట్టిక సర్వీస్ సెంటర్‌లో అప్పుడు అక్కరకొస్తుంది. ‘నెమ్మదిగా ఉంది’ అనే ఫిర్యాదును తోసిపుచ్చడం తేలిక. తేదీలతో, అంకెలతో ఉన్న పట్టికను తోసిపుచ్చడం అంత తేలిక కాదు.